కంఠసర్పి రద్దయిన జిల్లా

మా జిల్లాలో కంఠసర్పి అనే జబ్బు ఫిబ్రవరి ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం అయిదు గంటలకు రద్దయింది. అయిదున్నరకు కావలసింది గాని, కలెక్టరు గారికి మరో మీటింగు ఉండడంతో అరగంట ముందుకు జరిపారు.

రద్దు అన్న మాట నాది. ఉత్తర్వులో 'ఈ జిల్లా పరిధిలో సదరు వ్యాధి నిర్మూలితమైనట్లు ఇందుమూలముగా ప్రకటించడమైనది' అని ఉంది. వేదిక మీద ఒక పావురాన్ని కూడా ఎగరేశారు. పావురానికీ పిల్లల గొంతు జబ్బుకూ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు.

నా పేరు సర్వేశం. బాల్య అంటువ్యాధుల పరిశోధనా కేంద్రంలో సీనియర్ అసిస్టెంటుని. పేరు పెద్దదే గాని, మా కేంద్రమంటే పెద్దాసుపత్రి వెనక క్యాంటీనుకూ మార్చురీకీ మధ్యనున్న రెండు గదులు. నాకు వైద్యం తెలియదు. ఫైలు తెలుసు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

కేంద్రానికి అధిపతి డాక్టర్ ఎస్తేరు రాణి గారు. పదకొండేళ్ళుగా ఆవిడ పని పిల్లల గొంతులు చూడడం. బళ్ళకీ అంగన్‌వాడీలకీ వెళ్ళి, టార్చిలైటు వేసి, దూది పుల్ల గొంతులో తిప్పి తెచ్చి, అందులో ఏ క్రిమి ఉందో చూస్తారు. కొత్త మనిషి ఎదురైతే మొహం కన్నా ముందు నోటి వంక చూసే అలవాటు ఆవిడది. నేను మొదటిరోజు జాయినింగ్ రిపోర్టు పట్టుకుని వెళ్తే, "టాన్సిల్స్ ఎప్పట్నుంచి?" అని అడిగారు.

ఆవిడ పదకొండేళ్ళలో కనిపెట్టింది ఒకటుంది. పసిపిల్లలకి మూడు టీకాలూ మావాళ్ళు బాగానే వేస్తున్నారు. కాని అయిదేళ్ళు నిండాక వెయ్యాల్సిన టీకా ఎవరికీ గుర్తుండడం లేదు. ఈలోగా చిన్నప్పటి టీకా బలం తగ్గిపోతుంది. ఊళ్ళు పట్టుకు తిరిగే కుటుంబాల పిల్లలకైతే మొదటి మూడూ కూడా లేవు. ఇవన్నీ పెట్టి నలభై పేజీల నివేదిక రాశారు. దాని మొదటి వాక్యం: 'గత రెండేళ్ళలో జిల్లాలో కంఠసర్పి కేసు ఒక్కటీ నమోదు కాలేదు.' తక్కిన ముప్పై తొమ్మిది పేజీలూ, అందుచేతనే భయపడాలి అని.

జిల్లా నిర్మూలనాధికారి డాక్టర్ పురుషోత్తమానందం గారు, ఆఫీసులో అందరికీ ఆనందం గారు, మొదటి వాక్యం చదివారు. అది చాలింది. పావురం అక్కణ్ణుంచి వచ్చింది.

నిర్మూలన తరవాత నిర్మూలనాధికారి పోస్టు మాత్రం నిర్మూలన కాలేదు. సాధించినదాన్ని కాపాడుకోవాలి కదా. ఆయన వెంటనే మూడు పనులు చేశారు. ఆసుపత్రి కంప్యూటర్లలో జబ్బుల పట్టికలోంచి కంఠసర్పి తీసేయించారు. మా గుమ్మం మీది బోర్డు మార్పించి 'వ్యాధిరహిత స్థితి పరిశోధనా కేంద్రం' అని రాయించారు. ఇక మేము జబ్బు లేకపోవడం మీద పరిశోధన చేయాలన్నమాట. మూడోది, క్రిములను పెంచి చూడడానికి మా ల్యాబులో వాడే పోషక ద్రవం కావాలని మేము పెట్టిన ఇండెంటును తిప్పి పంపారు. దాని మీద ఆయన స్వహస్తాలతో రాసిన నోటు నేనిప్పటికీ దాచుకున్నాను: 'లేదని ప్రభుత్వమే ప్రకటించిన క్రిమికి ప్రభుత్వ భోజనం సమంజసము కాదు.'

డాక్టరమ్మ ఆ నోటు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివారు. ఆ తరవాత టార్చిలైటులో బ్యాటరీలు మార్చుకుని ఎప్పటిలాగే బళ్ళ మీద పడ్డారు.

రెండో పంట దాళ్వా కోతలయ్యాక మా వైపు చేలల్లోకి బాతులు దిగుతాయి. బాతులు మేపేవాళ్ళు పిల్లా జెల్లాతో వచ్చి కాలవ గట్ల మీద గుడారాలు వేసుకుంటారు. చేలో రాలిన గింజలు అయిపోగానే మరో ఊరు, మరో జిల్లా. ఏప్రిల్ చివరివారం గురువారం ఉదయం పదింటికి వాళ్ళలో ఒకావిడ ఆరేళ్ళ పిల్లని భుజాన వేసుకుని మా గదిలోకి వచ్చింది. ఆవిడ పేరు లోవలక్ష్మి. పిల్ల నూకరత్నం. అవుట్ పేషెంటు చీటీ మీద 'గొంతు నొప్పి, ఇతరములు' అని రాసి ఉంది. కంప్యూటరులో అంతకన్నా వేరే మాట మిగల్లేదు.

"మూడ్రోజుల నించీ జొరమండి," అంది లోవలక్ష్మి. "రాత్రి నించీ గుటక పడట్లేదు. మెడ సూడండమ్మగారూ, ఎలా పొంగిపోయిందో."

పిల్ల ఊపిరి తీస్తుంటే తడి తలుపు జరిపినట్టు చప్పుడు వస్తోంది. డాక్టరమ్మ కిందికి వంగి, "నోరు తెరు తల్లీ, నాకు నీ గొంతులో బాతు ఉందో లేదో చూడాలి," అన్నారు. పిల్ల తెరిచింది. టార్చి వెలుగు అక్కడే ఆగిపోయింది.

ఆవిడ లేచి నావైపు తిరిగారు. ఆవిడ మాట మాత్రం మామూలుగానే ఉంది.

"సర్వేశం గారూ, బూడిదరంగు పొర. వెనక గోడంతా కప్పేసింది. కోల్డ్ స్టోరులో యాంటీటాక్సిన్ సీసాలు పది ఉండాలి. ఈ క్రిమి వదిలే విషానికి అదొక్కటే విరుగుడు. పొర ఊపిరి ఆపుతుంది, విషం గుండె ఆపుతుంది. ఏది ముందో చెప్పలేను. మధ్యాహ్నంలోగా మందు ఎక్కాలి."

పిల్లని వార్డులో చేర్చి, ఆక్సిజన్ పెట్టించి, చెవి ముక్కు గొంతు డాక్టరు గారిని మంచం పక్కన కూర్చోబెట్టి, మేమిద్దరం నిర్మూలనాధికారి గదికి పరుగెత్తాం. మందు ఇచ్చే సంతకం ఆయనదే. లోవలక్ష్మి మా వెనకాలే వచ్చేసింది. ఆసుపత్రుల్లో డాక్టర్లు గది దాటితే తిరిగి రారని ఆవిడకి అనుభవం ఉన్నట్టుంది.

ఆనందం గారు నిర్మూలన స్మారక స్తంభం నమూనాలు చూస్తున్నారు. పొడుగుదా, పొట్టిదా అన్న మీమాంసలో ఉన్నారు.

"సార్, కంఠసర్పి కేసు వచ్చింది," అన్నారు డాక్టరమ్మ.

"రాదమ్మా," అన్నారాయన తలెత్తకుండానే, ఎంతో సౌమ్యంగా.

"వచ్చింది సార్. నేను చూశాను."

"మీరు చూసినది మీ పరిశీలన. లేదన్నది ప్రభుత్వ నిర్ణయం. ఈ రెంటిలో ఏది ఉన్నతస్థాయిదో మీకు నేను చెప్పవలసిన అవసరం లేదు." ఆయన నమూనా పక్కన పెట్టారు. "అయినను, మానవతా దృక్పథంతో పరిశీలిద్దాం. సదరు బాలిక ఏ జిల్లా వాస్తవ్యురాలు?"

గుమ్మం దగ్గర్నుంచి లోవలక్ష్మి జవాబిచ్చింది. "మాకు జిల్లా ఏటండీ బాబూ. బాతులెక్కడుంటే అక్కడేనండి."

"మంచి ప్రశ్న లేవనెత్తారు. బాతులు ఏ జిల్లావి?"

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "గుడ్లు పెట్టింది ఇక్కడేనండి. బాతులు పొదగవు కదండీ, కోళ్ళ కింద పెడతామండి. ఆ కోళ్ళు పక్క జిల్లాయండి."

ఆనందం గారి మొహం వికసించింది. వెంటనే పక్క జిల్లా నిర్మూలనాధికారికి ఫోను కలిపారు. మీ కేసు ఒకటి మా ఆసుపత్రిలో అనుకోకుండా ఉన్నది, స్వీకరించగలరు అన్నారు. అవతలి ఆయన, తమ జిల్లా జనవరిలోనే వ్యాధిరహితమైందనీ, కాబట్టి ఈ విషయంలో తమదే సీనియారిటీ అనీ గుర్తు చేశారు. ఫోను పెట్టేసి ఆనందం గారు మళ్ళీ స్తంభం నమూనా చేతిలోకి తీసుకున్నారు.

"మందు ఇవ్వండి సార్," అన్నారు డాక్టరమ్మ. "సీసాలు పదీ మీ స్టోరులోనే ఉన్నాయి."

"అవి సన్నద్ధత కొరకు."

"దేనికి సన్నద్ధత?"

"ఒకవేళ కేసు వచ్చినచో."

"వచ్చింది కదా సార్!"

"కేసు రాదని ప్రకటించిన తరువాత వచ్చినది కేసు కానేరదు. మీరు ఉప్పునీళ్ళు పుక్కిలించమనండి."

డాక్టరమ్మ ఆయన బల్ల మీద రెండు చేతులూ ఆనించారు. వెనక లోవలక్ష్మి చెంగు నోట్లో కుక్కుకుంది. మేము ఏం మాట్లాడుతున్నామో ఆవిడకి సగం తెలియదు. తెలియాల్సిన సగం మాత్రం తెలిసిపోయింది.

ఆ సమయంలో నేను చేసింది నాకు తెలిసిన ఒకే ఒక్క పని. బల్ల మీది కాగితాలు తలకిందులుగా చదివాను. ఎదుటివాళ్ళ బల్ల మీది కాగితం తలకిందులుగా చదవడం రానివాడు సెక్షనులో పని చేయలేడు. స్తంభం నమూనాల కింద రాష్ట్ర కార్యాలయం నుంచి వచ్చిన మెమో ఒకటుంది. వ్యాధిరహిత జిల్లాలన్నీ ఏప్రిల్ ముప్పైలోగా ఒక మాక్ డ్రిల్లు జరపాలి. జబ్బు వచ్చినట్టు నటించి, మందు బయటికి తీసి, తామెంత సిద్ధంగా ఉన్నారో పరిశీలకుడి ముందు చూపించాలి. మెమో మీద ఎర్ర సిరాతో 'అత్యవసరం' అని ఉంది. పక్కన ఆనందం గారి నోటు: 'పాత్రధారులు లభ్యము కాలేదు.'

"మాక్ డ్రిల్లు ఇంకా జరగలేదు కదండీ సార్," అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. "ఏం చెప్పమంటావయ్యా సర్వేశం. నర్సింగు విద్యార్థినులకు పరీక్షలు. పరిశీలకులు ఫణిభూషణరావు గారు నిన్ననే దిగారు. గెస్ట్‌హౌసులో కూర్చుని డ్రిల్లు ఎప్పుడు, ఎప్పుడు అంటున్నారు. రోగి పాత్రకు మనిషి లేడు."

"ఉంది సార్. ఆరేళ్ళ పిల్ల. తల్లి పాత్రధారి కూడా వచ్చింది." లోవలక్ష్మిని చూపించాను. "గొంతులో పొర కూడా ఉంది. మేకప్పు అక్కర్లేదు."

ఆనందం గారు నావంక చూశారు, డాక్టరమ్మ వంక చూశారు, తలుపు దగ్గరి మనిషి వంక చూశారు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. గొంతు తగ్గించి అడిగారు.

"పొర... బాగా వచ్చిందా?"

"చాలా బాగా వచ్చింది సార్."

"అయితే డ్రిల్లు పన్నెండు గంటలకు. బ్యానరు కట్టించు."

వరండాలోకి రాగానే డాక్టరమ్మ నా మీద విరుచుకుపడ్డారు. "నేను శాస్త్రజ్ఞురాలిని. ప్రాణం పోతున్న పిల్లని నాటకమని రాయమంటారా?"

"మీరు మందు నిజంగా ఇవ్వండి మేడం. అబద్ధం నేను రాస్తాను. ఎవరికి వచ్చిన పని వాళ్ళు చేద్దాం."

ఆవిడ వార్డువైపు నడక మొదలుపెట్టారు. మూడో అడుగుకి అది పరుగైంది.

డ్రిల్లుకి నియమావళి ఉంది. రోగిని అంబులెన్సులో, సైరనుతో తీసుకురావాలి. నూకరత్నాన్ని మంచం మీంచి కదిపితే చంపేస్తానన్నారు డాక్టరమ్మ. అందుకని అంబులెన్సులో నన్ను పడుకోబెట్టారు. ఆసుపత్రి చుట్టూ ఒక చుట్టు తిప్పి, సైరను మోగిస్తూ పోర్టికోలో దింపి, స్ట్రెచరు మీద పరుగులతో వార్డు గుమ్మం దాకా మోశారు. అక్కడ నేను దిగి ఫైలు అందుకున్నాను. 'ఈ స్థానమున పాత్రధారి మారెను' అని నమోదు చేశాం.

పరిశీలకులు ఫణిభూషణరావు గారు రిటైరైన డాక్టరు. అట్టకి బిగించిన మార్కుల కాగితంతో మంచం కాలి దగ్గర నిలబడ్డారు. పక్కనే ఆనందం గారు, మెడలో విజిలు, రొమ్ము మీద 'కమాండరు' అన్న బ్యాడ్జి. తలవైపున చెవి ముక్కు గొంతు డాక్టరు గారు, అవసరమైతే గొంతు కోసి గొట్టం పెట్టడానికి సామాను సర్దుకుంటున్నారు.

లోవలక్ష్మికి నేను ముందే చెప్పాను. "ఎవరైనా అడిగితే నాటకం అని చెప్పమ్మా."

"నాటకమేటండీ! పిల్ల ఊపిరి తీయలేక కొట్టుకుంటుంటే!"

"అందుకేనమ్మా. నాటకమంటేనే మందిస్తారు."

ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. కాని పరిశీలకుడు అటు తిరగ్గానే రెండు చేతులూ జోడించి, "నాటకమేనండి బాబూ, నాటకమేనండి, నా బిడ్డని బతికించండి," అని బావురుమంది.

ఫణిభూషణరావు గారు రాసుకున్నారు: 'తల్లి పాత్ర సహజము. కించిత్ అతి.'

డాక్టరమ్మ పిల్ల చేతి మీద చర్మంలోకి చుక్క మందు ఎక్కించి గడియారం చూడసాగారు. మందు ఒంటికి సరిపడకపోతే ప్రాణం మీదికి వస్తుంది, అందుకని ముందు అరగంట ఆగి చూడాలి.

"ఇచ్చట కాలయాపన జరుగుచున్నది," అన్నారు పరిశీలకులు. "మందు కూడా ఇచ్చినట్టు నటిస్తే సరిపోతుంది కదా. సీసాలు తిరిగి స్టోరుకు చేరవలెను."

డాక్టరమ్మ నావైపు చూశారు. నేను నియమావళి తెరిచాను. "ఏడో నియమం సార్. 'విన్యాసము సాధ్యమైనంత మేరకు వాస్తవమునకు దగ్గరగా ఉండవలెను.' దీని కింద ఇరవై మార్కులున్నాయి. సూది గుచ్చి, సీసా తీసి, మందు ఇవ్వకపోతే వాస్తవానికి దూరమవుతుంది."

ఆయన తల పంకించారు. నియమం పేరు చెబితే ఆయనా మెత్తబడే మనిషే. "ఊపిరి చప్పుడు కూడా కొంచెం ఎక్కువగా ఉంది," అంటూ, పాత్రధారిణి గొంతు ఎంత శ్రద్ధగా తయారు చేశారో చూద్దామని, డాక్టరమ్మ చేతిలోని టార్చి తీసుకుని వంగారు.

చాలాసేపు వంగే ఉన్నారు. లేచాక టార్చి ఆర్పడం మరిచిపోయారు.

"ఏజెన్సీలో పనిచేసేటప్పుడు చూశాను ఇలాంటి పొర," అన్నారు మెల్లిగా. ఆ మాటల్లో గ్రాంథికం లేదు. "అన్నదమ్ములు ఇద్దరు. వాగు పొంగింది, మందు రాలేదు."

ఆనందం గారు విజిలు ఊదబోయి మానుకున్నారు.

"సార్, నటన అంత బావుందా?" అన్నారు సందేహంగా.

"ఇంత మంచి నటన నేనెక్కడా చూడలేదు," అన్నారు ఫణిభూషణరావు గారు. మార్కుల కాగితం మీద వాస్తవికత ఎదురుగా ఇరవైకి ఇరవై వేశారు. "మందు పూర్తిగా ఎక్కించండి. సగంలో ఆపితే జిల్లాకి సున్నా వేస్తాను. ఎన్ని సీసాలు కావాలి డాక్టరు గారూ?"

"ఆరు."

"ఆరూ తెరవండి."

పన్నెండూ నలభైకి మందు ఎక్కడం మొదలైంది. రెండింటికి పిల్ల ఊపిరి మరీ బిగుసుకుంది. చెవి ముక్కు గొంతు డాక్టరు గారు కత్తి చేతిలోకి తీసుకున్నారు. లోవలక్ష్మి కూతురి పాదాలు పట్టుకుని ఏదో మొక్కు మొక్కుకుంటోంది. డాక్టరమ్మ పిల్ల ఛాతీ మీంచి చూపు తిప్పకుండా, "ఆగండి, ఇంకొక్క నిమిషం," అన్నారు. ఆ నిమిషం గడిచింది. మరొకటి గడిచింది. మూడున్నరకి ఆ తడి తలుపు చప్పుడు కొద్దిగా పల్చబడింది. కత్తి ట్రేలో పెట్టిన శబ్దం నాకు బాగా జ్ఞాపకం.

అయిదింటికి బ్యానరు విప్పేశారు. పరిశీలకులు వెళ్తూ వెళ్తూ, 'పునర్విన్యాసముల నిమిత్తం' అని మరో నలభై సీసాలకి సిఫారసు రాసి సంతకం పెట్టి నా చేతికిచ్చారు. "మీ జిల్లాలో మంచి ప్రతిభ ఉందయ్యా," అన్నారు. "ఇంకా బయటపడుతుంది చూడు."

ఆయన అన్నట్టే ప్రతిభ బయటపడింది. మర్నాడు డాక్టరమ్మ జీపులో కాలవగట్టుకి వెళ్తే గుడారాల్లో ముప్పై ఒక్కమంది పిల్లలున్నారు. అయిదేళ్ళ టీకా ఒక్కరికీ పడలేదు. ఇద్దరికి గొంతులో పొర మొదలైంది. వాళ్ళు రెండో మాక్ డ్రిల్లు, మూడో మాక్ డ్రిల్లు. రెండోదానికి బ్యానరు కట్టారు. మూడోదానికి అదే బ్యానరు మీద అంకె దిద్దారు.

తక్కిన పిల్లలకి టీకాలు వెయ్యాలి. జిల్లాలో లేని జబ్బుకి కాలవగట్టున ప్రత్యేక శిబిరం ఎందుకన్నారు ఆనందం గారు. టీకా విన్యాసం సార్, అన్నాను నేను.

"విన్యాసమునకు ఖాళీ సీసాలు చాలును కదా?"

"ఖాళీ సీసాలు స్టోరులో లేవు సార్. మందున్నవే ఉన్నాయి."

ఆయన నిట్టూర్చారు. "సరే. ఉన్నవాటితోనే సర్దుకొనుము."

కాలవగట్టున బాతుల గోల మధ్య టీకాలు మొదలయ్యాయి. సూదికి భయపడి ఒక పిల్ల బాతుల గుంపులో దూరితే పట్టుకోవడానికి పావుగంట పట్టింది. వరసలో నిలబడ్డ ఒక ముసలావిడ మనవణ్ణి ముందుకు తోస్తూ అడిగింది. "ఇది నాటకం టీకా అంటన్నారు గదమ్మా. మరి నిజం టీకా ఎప్పుడేత్తారు?"

"ఇదే నిజం టీకా అమ్మా," అన్నారు డాక్టరమ్మ. "కాగితమే నాటకం."

అయినా కాగితం అలా ఉండడం ఆవిడ మనసుకి పట్టలేదు. నూకరత్నం గొంతులోంచి తీసిన దూది పుల్లని వేరే రాష్ట్రంలోని పెద్ద ల్యాబుకి పంపారు. అక్కడ క్రిములకి ఇంకా భోజనం పెడుతున్నారు. పది రోజులకి జవాబు వచ్చింది: కంఠసర్పి క్రిమి, విషం విడుదల చేసే రకం. ఆవిడ ఆ కాగితాన్ని జతచేసి, ఇది విన్యాసం కాదు, కేసు, అని నేను వద్దంటున్నా వినకుండా నిర్మూలనాధికారికి స్వయంగా ఉత్తరం రాశారు. 'నటించే క్రిమిని నేనింతవరకు చూడలేదు' అని కూడా రాశారు.

నాలుగు రోజులకి సమాధానం వచ్చింది.

'మీ లేఖ పరిశీలించడమైనది. విన్యాసము కొరకు వాస్తవ క్రిమిని వినియోగించినట్లు తెలియుచున్నది. ఇందుకు ముందస్తు అనుమతి పొందియుండలేదు. సదరు క్రిమిని వారము లోపల ఈ కార్యాలయమునందు అప్పగించి రసీదు పొందవలెను.'

డాక్టరమ్మ అది చదివి పెద్దగా నవ్వారు. ఆవిడ అలా నవ్వడం నేనెరగను. నవ్వి నవ్వి, బల్ల మీద తల ఆనించి, అలాగే ఉండిపోయారు. నేను టీ తెప్పించాను. తాగలేదు. కాసేపటికి లేచి తన నోటు పుస్తకం తెరిచి, మొదటి పేజీలో 'కేసు ఒకటి, నూకరత్నం, ఆరేళ్ళు, టీకాలు లేవు' అని రాసుకున్నారు. ఆ పుస్తకంలో విన్యాసం అన్న మాట ఎక్కడా లేదు.

నూకరత్నం మూడువారాలు వార్డులో ఉంది. గుండె దెబ్బ తినలేదని తేలాక పంపేశారు. వెళ్ళేరోజున ఆనందం గారు స్వయంగా వచ్చి 'ఉత్తమ బాల పాత్రధారిణి' అన్న ప్రశంసాపత్రం, ప్లాస్టిక్ కప్పు ఇచ్చి ఫొటో దిగారు. పిల్లకి అప్పటికి మాట వచ్చింది, బొంగురుగా.

"మళ్ళీ ఎప్పుడాడాలండి?" అంది.

"ఇంకెప్పుడూ వద్దు," అన్నారు డాక్టరమ్మ, జుట్టు సవరిస్తూ.

వానలు పడేనాటికి మా జిల్లాలో పదకొండు మాక్ డ్రిల్లులు జరిగాయి. మరే జిల్లాలోనూ ఒకటికి మించి జరగలేదు. రాష్ట్రస్థాయిలో మాకు ప్రథమ బహుమతి వచ్చింది. సభలో ఆనందం గారికి శాలువా కప్పారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "వ్యాధి ఉన్నప్పుడు పనిచేయుట సామాన్యము," అన్నారు మైకులో. "వ్యాధి లేనప్పటికీ, ఉన్నంత శ్రద్ధగా పనిచేయుటే సన్నద్ధత." చప్పట్లు మోగాయి. డాక్టరమ్మ చివరి వరసలో కూర్చుని నోటు పుస్తకంలో ఏదో లెక్క సరిచూసుకుంటున్నారు. పదకొండుమందిలో పదిమందికి అయిదేళ్ళ టీకా లేదు. పదకొండోవాడికి ఇంకా అయిదేళ్ళు నిండలేదు. చిన్నప్పటి టీకాలూ లేవు.

బహుమతి వచ్చాక మమ్మల్ని చూసి నేర్చుకోమని ప్రభుత్వం ఇతర జిల్లాల నిర్మూలనాధికారులను అధ్యయన యాత్రకు పంపింది. పదిహేనుమంది వచ్చారు. ఆనందం గారు వాళ్ళని వెంటబెట్టుకుని వార్డు, బ్యానరు, విజిలు, నేను పడుకున్న స్ట్రెచరు అన్నీ చూపించారు. స్తంభం దగ్గర ఫొటో తీయించారు. చివరికి పొడుగుదే కట్టారు. అందరూ భోజనాలకి కదిలారు.

ఒకాయన మాత్రం మా గది గుమ్మంలో ఆగిపోయాడు. పక్క జిల్లాకి కొత్తగా వచ్చిన నిర్మూలనాధికారి. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, పేరు డాక్టర్ జోగినాయుడు. అటూ ఇటూ చూసి లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"మేడం, ఒక సందేహమండి. మా జిల్లాలో కూడా... నిన్నటి నుంచి ఒక మాక్ డ్రిల్లు ఉందండి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. "ఎక్కడ?"

"పిల్లల వార్డులోనండి. నాలుగేళ్ళ డ్రిల్లు. మగపిల్లాడు."

"మెడ వాచిందా?"

"వాచిందండి."

"పొర?"

అతను తలూపాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "రెండు వైపులా ఉందండి. మందు స్టోరులోనే ఉంది. డ్రిల్లు జరపడానికి అనుమతి కోసం రాశాను. సోమవారం వస్తుందంటున్నారు."

"ఇవాళ గురువారం," అన్నారు డాక్టరమ్మ.

"తెలుసండి," అన్నాడతను.

ఆవిడ అప్పటికే ఫ్రిజ్ తెరిచి, పునర్విన్యాసాల కోసం వచ్చిన సీసాల్లో మిగిలినవి ఐసుపెట్టెలో సర్దుతున్నారు. టార్చి జేబులో వేసుకుని, పెట్టె భుజానికి తగిలించుకుని, గుమ్మం దాటుతూ నన్నడిగారు.

"సర్వేశం గారూ, మన జిల్లా మాక్ డ్రిల్లు పక్క జిల్లాలో జరపొచ్చని ఏ నియమంలో ఉంది?"

"ఎందులోనూ లేదు మేడం," అన్నాను, తెల్లకాగితాలూ కార్బనూ అందుకుంటూ. "మీరు జీపెక్కండి. దారిలో రాస్తాను."